తప్పు దిద్దుకున్న మాటను అబద్ధం కింద జమకట్టవద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

మనుషుల తరఫున పనులు చక్కబెట్టే ఏఐ ఏజెంట్లు ఇకపై ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకుంటాయని మీ పత్రికలో తరచుగా చదువుతున్నాను. ఆ వ్యాసాల్లో వేగం గురించి, ఖర్చు గురించి, పోయే ఉద్యోగాల గురించి చర్చ ఉంటోంది. ఒక ఏజెంటు చెప్పిన మాటను ఇంకో ఏజెంటు ఎంతవరకు నమ్మాలి, మాటలు నడుస్తుండగా ఆ నమ్మకం ఏ లెక్కన పెరగాలి, ఏ లెక్కన తరగాలి అన్న ప్రశ్న మాత్రం దాదాపు కనిపించడం లేదు. ఇలాంటి ప్రోగ్రాముల సంభాషణలను పరీక్షించే పనిలో కొన్నేళ్లుగా ఉన్నాను కాబట్టి, ఈ లెక్కలో మాలాంటివాళ్లం చేస్తూ వచ్చిన ఒక పొరపాటును మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను కళ్లారా చూసిన ఒక సంభాషణతో మొదలుపెడతాను. ఒకవైపు సరుకు కొనడానికి వాకబు చేసే ఏజెంటు, మరోవైపు గోదాములో నిల్వల లెక్క చెప్పే ఏజెంటు. కొనే ఏజెంటు అడిగిన ఎనిమిది ప్రశ్నలకు గోదాము ఏజెంటు సరైన జవాబులే ఇచ్చింది. తొమ్మిదో ప్రశ్నకు 40 పెట్టెలున్నాయని చెప్పింది. రెండు మాటలు గడిచాక, ఎవరూ అడగకుండానే, "ఇందాక 40 అన్నాను, వాటిలో 6 తడిసిపోయి పక్కన పెట్టినవి, పంపగలిగినవి 34 మాత్రమే" అని తనంతట తాను దిద్దుకుంది. నా ఉద్దేశంలో ఆ సంభాషణ మొత్తానికి అన్నిటికన్నా నమ్మదగిన మాట అదే. అయితే కొనే ఏజెంటు వెనకాల నడుస్తున్న నమ్మకపు లెక్క దాన్ని ఒక తప్పుగా రాసుకుని, స్కోరును 0.90 నుంచి 0.82కు దించేసింది. 0.85 కన్నా తగ్గితే మాటలు ఆపేయాలని మేము ముందే గీత గీసి ఉంచాం కాబట్టి సంభాషణ అక్కడితో తెగిపోయింది. గోదాము ఏజెంటు ఆ 6 పెట్టెల సంగతి చెప్పకుండా ఊరుకుని ఉంటే దాని ఖాతాలో తొమ్మిదో నిజం పడేది, స్కోరు 0.91కి పెరిగేది. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసిన రోజు నాకు మనసు నిలవలేదు. నిజం చెప్పినవాణ్ణి గెంటేసి, దాచినవాణ్ణి కూర్చోబెట్టే లెక్కను మేమే రాసి, మేమే నడుపుతున్నాం.

ఈ లెక్క ఎక్కణ్నుంచి వచ్చిందో చెబితే పొరపాటు ఎక్కడుందో తెలుస్తుంది. నమ్మకాన్ని కంప్యూటరు పట్టుకోగల అంకెగా మార్చే పనిని 1994లో స్టిర్లింగ్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ మార్ష్ తన పీహెచ్‌డీ పరిశోధనగా చేశారు. ఆ తర్వాత 2002లో ఆడున్ యోసాంగ్, రోస్లాన్ ఇస్మాయిల్ కలిసి, ఆన్‌లైన్ వ్యాపారంలో ఎవరికి ఎంత పేరుందో లెక్కగట్టడానికి బీటా పద్ధతిని ప్రతిపాదించారు. అది చాలా తేలికైన లెక్క. జరిగిన మంచికి ఒకటి కలిపి, మంచిచెడుల మొత్తానికి రెండు కలిపి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే నమ్మకం వస్తుంది. ఎనిమిది నిజాలు, సున్నా తప్పులు ఉంటే పదింట తొమ్మిది, అంటే 0.90. ఒక తప్పు చేరగానే పదకొండింట తొమ్మిది, అంటే 0.82. మా స్కోరు పడింది సరిగ్గా ఇలాగే.

ఆ పద్ధతిని రూపొందించినవారిని నేను తప్పుపట్టడం లేదు, వారు దాన్ని రాసింది బేరాల కోసం. బేరం ఒకసారి ముగిస్తే ముగిసినట్టే. సరుకు అందిందా లేదా, డబ్బు ముట్టిందా లేదా అన్నది తేలిపోతుంది, దానికి ఒక గుర్తు వేసి పక్కన పెట్టవచ్చు. మాట అలాంటిది కాదు. నాలుగో మాట రెండో మాటకు అర్థం మార్చగలదు, పదో మాట దాన్ని వెనక్కి తీసుకోగలదు. సంభాషణ పూర్తయ్యేదాకా అందులోని ఏ మాటా పూర్తిగా ముగిసినట్టు కాదు. ముగిసిన బేరాలను లెక్కించే కొలతతో ముగియని మాటలను కొలవడం వల్లనే, దిద్దుబాటు అనేది మా ఖాతాలో ఒక చెడ్డ బేరంలా పడింది.

ఇదే లెక్కలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని కొత్త ఏజెంటుకు ఈ సూత్రం 0.50 ఇస్తుంది. యాభై నిజాలూ యాభై అబద్ధాలూ చెప్పిన ఏజెంటుకు కూడా అదే 0.50 ఇస్తుంది. ఒకరి గురించి మనకేమీ తెలియదు, మరొకరి గురించి బాగా తెలుసు, అంకె మాత్రం ఒకటే. ఈ లోటు రాకుండా యోసాంగ్ తాను రూపొందించిన నమ్మకపు తర్కంలో నమ్మకం, అపనమ్మకం, అనిశ్చితి అని మూడు భాగాలు చేసి, మూడూ కలిపితే ఒకటి అయ్యేలా రాశారు. అపరిచితుడి దగ్గర అనిశ్చితి పూర్తిగా 1 ఉంటుంది, వంద మాటలు విన్నవాడి దగ్గర అది 0.02కు పడిపోతుంది. అపరిచితుణ్ణి ప్రశ్నలడిగి తెలుసుకోవచ్చు, సగం అబద్ధాలాడేవాణ్ణి ఎన్ని అడిగినా లాభం లేదు. ఏజెంటు తర్వాత ఏం చేయాలో నిర్ణయించేది ఆ తేడాయే కాబట్టి, నమ్మకాన్ని ఒకే అంకెగా చూపించే ఏ వ్యవస్థనూ నేను పూర్తి వ్యవస్థగా లెక్కించను.

అసలు విషయానికి వస్తే, మనం "నమ్మకం" అని ఒకే పేరుతో పిలుస్తున్నది ఒక్కటి కాదు. 1995లో రోజర్ మేయర్, జేమ్స్ డేవిస్, డేవిడ్ షూర్మన్ దాన్ని మూడుగా విడదీశారు: ఎదుటివారికి ఆ పని చేతనవునా, వారు మన మేలు కోరుతున్నారా, వారు మాట మీద నిలబడే మనుషులేనా. ఈ మూడూ ఒకే దారిలో పెరగవు, ఒకే దారిలో తరగవు. చేతనవుతుందా లేదా అన్న విషయంలో ఒక గెలుపు చాలా చెబుతుంది, ఎందుకంటే చేతకానివారు ఆ పనిని ఏదో అదృష్టం కొద్దీ చేసేయలేరు. సమర్థులు ఒకసారి పొరబడితే దాన్ని మనం సర్దుకుపోతాం. నిజాయితీ విషయంలో ఇది తలకిందులవుతుంది. మోసగాడు కూడా వంద నిజాలు చెప్పగలడు, కానీ తెలిసి ఆడిన ఒక్క అబద్ధం ఆ వందకూ మసి పూస్తుంది. నమ్మకం కట్టడానికి ఏళ్లు పడుతుంది, కూల్చడానికి నిమిషం చాలు అని మనం అనుకునే మాట ఈ నిజాయితీకే పూర్తిగా వర్తిస్తుంది. పోయిన నమ్మకాన్ని తిరిగి నిలబెట్టుకోవడం గురించి మనుషుల మీద 2004లో అచ్చయిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో కూడా ఈ తేడా బయటపడింది. చేతకాక జరిగిన తప్పుకు క్షమాపణ పనిచేసినట్టుగా, నిజాయితీ లోపించి జరిగిన తప్పుకు క్షమాపణ పనిచేయలేదు.

కాబట్టి గోదాము ఏజెంటు చెప్పిన "34 మాత్రమే" అన్న మాటను రెండు ఖాతాల్లో విడిగా రాయాలి. దానికి నిల్వల లెక్క మొదటిసారే సరిగ్గా తీయడం చేతకాలేదు, ఆ తప్పు సామర్థ్యపు ఖాతాలో పడాల్సిందే. నిజాయితీ ఖాతాలో మాత్రం ఒక్క గీత కూడా పడకూడదు. నిజాయితీ లేనివారు చేయని పని అది చేసింది కదా.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు, ఎందుకంటే మొదట ఆ అభ్యంతరం చెప్పింది నేనే. దిద్దుబాటుకు మినహాయింపు ఉందని తెలిస్తే టక్కరి ఏజెంటు కావాలని చిన్న చిన్న తప్పులు చెప్పి, వెంటనే దిద్దుకుని, నిజాయితీపరుడన్న పేరు తెచ్చుకోదా? తెచ్చుకుంటుంది, మనం దిద్దుబాటుకు బహుమతి ఇస్తే. నేను కోరుతున్నది బహుమతి కాదు, శిక్ష తీసేయడం. రెంటికీ చాలా దూరం ఉంది. దిద్దుకున్న ప్రతిసారీ సామర్థ్యపు ఖాతాలో కోత పడుతూనే ఉంటుంది, కనుక మాటిమాటికీ దిద్దుకునే ఏజెంటును తప్పుల లెక్కే బయటపెడుతుంది. దిద్దుబాటు ఎప్పుడు వచ్చిందో కూడా చూడాలి. కొనే ఏజెంటు ఆ అంకెను నమ్మి ముందడుగు వేయకముందు వచ్చిన దిద్దుబాటు వేరు, సరుకు బయలుదేరాక దొరికిపోయి చెప్పుకున్నది వేరు.

అన్నిటికన్నా ముఖ్యంగా, దిద్దుబాటు వల్ల ఎవరికి నష్టమో చూడాలి. ఎదుటివారి ప్రయోజనాలు మన ప్రయోజనాలకు దూరమయ్యేకొద్దీ, ఖర్చు లేని మాటలో మనకు అందగల సమాచారం పలచబడిపోతుందని 1982లో విన్సెంట్ క్రాఫర్డ్, జోయెల్ సోబెల్ గణితంతో చూపించారు. అమ్మేవారు తమ సరుకు బాగుందంటే అందులో మనకు తెలిసేది కొంచెమే, ఎలా ఉన్నా వారు ఆ మాటే అంటారు. తమ దగ్గర 40 లేవు, 34 మాత్రమే ఉన్నాయని అంటే, ఆ మాటకు వారు 6 పెట్టెల అమ్మకాన్ని మూల్యంగా కట్టారు. నమ్మకపు లెక్కలో మాటల బరువు ఇలా తూచాలి: చెప్పినవారికి లాభం తెచ్చే మాట తేలిక, నష్టం తెచ్చే మాట బరువు. 34ను 40గా దిద్దిన ఏజెంటుకు నేను చెప్పే మినహాయింపు వర్తించదు, దాన్ని మళ్లీ లెక్క చూపించమనాలి.

ఎదుటివారు గట్టిగా అడిగినందుకు మాట మార్చడాన్ని కూడా దిద్దుబాటు అనకూడదు. భాషా నమూనాల మీద, అంటే మనిషిలా వాక్యాలు అల్లే ప్రోగ్రాముల మీద నడిచే ఏజెంట్లకు ఈ జబ్బు బాగా ఉంది. "మీరు చెప్పింది తప్పేమో, మళ్లీ చూడండి" అంటే చాలు, కొత్త ఆధారం ఏదీ లేకుండానే క్షమించమని, మీరన్నదే నిజమని జవాబు మార్చేస్తాయి. వినడానికి అది వినయంలా ఉంటుంది. గోదాము ఏజెంటు తడిసిన పెట్టెలను చూసి మాట మార్చింది, ఈ రకం ఏజెంటు ఎదుటివారి గొంతును విని మాట మార్చింది. మొదటిదాన్ని ఆదరించి, రెండోదానికి సామర్థ్యపు ఖాతాలో గట్టిగా కోత వేయడమే న్యాయం. వీటిని వేరుచేయడం కష్టమేమీ కాదు, మాట మార్చడానికి ముందు ఏజెంటు కొత్తగా ఏదైనా ఆధారం చూసిందా లేదా అన్నది అది చేసిన పనులు నమోదయ్యే లాగ్‌లోనే ఉంటుంది.

నమ్మించి గొంతు కోయడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. చిన్న విషయాల్లో వరుసగా నిజాలు చెప్పి స్కోరు పెంచుకుని, పెద్ద విషయం వచ్చినప్పుడు ఒకే ఒక్క అబద్ధంతో ముంచడం ఈ వ్యవస్థల మీద జరగగల పాత దాడి. దానికి విరుగుడుగా పాత మాటల విలువను మెల్లగా తగ్గించే మరపు గుణకాన్ని వాడతారు. ప్రతి కొత్త మాటతో పాత సాక్ష్యం విలువ 0.9 వంతుకు తగ్గేలా పెడితే, పది మాటల వెనకటి నిజానికి ఇప్పుడు 0.35 విలువే మిగులుతుంది. ఎన్ని వందల నిజాలు చెప్పినా నమ్మకం 0.92 దాటదు. ఇది మంచి ఏర్పాటే. అయితే మరపు ఒక్కటే చాలదు, విషయం బరువును బట్టి సాక్ష్యం బరువు ఉండాలి. పలకరింపులో చెప్పిన నిజమూ, చివరి ధర దగ్గర చెప్పిన నిజమూ ఒకే గుర్తుగా పడితే మోసగాడి పని సులువవుతుంది.

మాట ఎంత గట్టిగా చెప్పారన్నది కూడా ఈ లెక్కలోకి రావాలి. ఈ విషయంలో మన భాషకు ఉన్న సౌకర్యం నాకు రోజూ గుర్తొస్తుంది. "సరుకు వచ్చింది" అంటే చూసి చెప్పినట్టు, "సరుకు వచ్చిందట" అంటే ఎవరో చెప్పగా విన్నట్టు. ఆ చివరి "ట" ఒక్కటి తీసేస్తే చెప్పినవారి మీద పడే పూచీయే మారిపోతుంది. వచ్చిందట అన్నవారి మాట తప్పయితే మనం వారిని అబద్ధికులు అనం, ఎవరు చెప్పారని అడుగుతాం. ఏజెంట్లు ఒకదానికొకటి పంపుకునే సందేశాల్లో చాలావాటికి ఈ "ట" ఉండదు. కంటితో చూసిన లెక్క, పాత ఫైలులోంచి తీసిన లెక్క, మూడో ఏజెంటు చెప్పిన లెక్క, అన్నీ ఒకే గొంతుతో వస్తాయి. మూడు ఏజెంట్లు ఒకే ఫైలు చదివి ఒకే అంకె చెబితే మూడు సాక్ష్యాలు దొరికాయని మా లెక్క సంతోషపడుతుంది, నిజానికి అక్కడున్నది ఒకే సాక్ష్యం. ప్రతి మాటతోపాటు అది ఎక్కణ్నుంచి వచ్చిందో పంపడం తప్పనిసరి చేస్తే, తప్పు బయటపడినప్పుడు ఎవరి ఖాతాలో వేయాలో తెలుస్తుంది.

ఏజెంట్ల మధ్య సందేశాలకు ప్రమాణాలు లేకపోలేదు. 1996లో ఏర్పడిన ఫిపా అనే సంస్థ అలాంటి సందేశ భాషను రూపొందించింది. ఆ భాషలో ఒక విషయాన్ని తెలియజేయడం అంటే, తెలియజేసేవారు దాన్ని నిజమని నమ్ముతున్నారని ముందుగానే అనుకోవడం. ఎదుటి ప్రోగ్రాము లోపల ఏం నమ్ముతోందో బయటివారు చూడలేరు కదా అని ఆ రోజుల్లోనే విమర్శ వచ్చింది. లోపలి నమ్మకాలను వదిలేసి, పైకి ఇచ్చిన మాటను పదిమందీ చూడగల పూచీగా లెక్కించాలని మునీందర్ సింగ్ వాదించారు. నాకు ఆ వాదమే సరైనదనిపిస్తుంది. పూచీగా చూస్తే, దాన్ని నెరవేర్చవచ్చు, తప్పవచ్చు, సమయం మించకముందే చెప్పి రద్దు చేసుకోవచ్చు. ఆ మూడోదే నేను ఇంతసేపూ అడుగుతున్న వెసులుబాటు. 2024లో వచ్చిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, 2025లో వచ్చిన ఏజెంట్ టు ఏజెంట్ ప్రోటోకాల్ ఏజెంట్లను సాఫ్ట్‌వేర్ పనిముట్లతోనూ, ఇతర ఏజెంట్లతోనూ కలపడానికి దారి వేశాయి. ఎదుట ఉన్నది ఎవరు, వారు ఏమేం చేయగలమంటున్నారు అన్నది వాటితో తెలుసుకోవచ్చు. వారు చెప్పిన తొమ్మిదో మాట నిజమో కాదో తేల్చడం వాటి పని కాదు, ఆ భారం నమ్మకపు లెక్క రాసేవారి మీదే ఉంది.

తప్పును ఎంత కఠినంగా తీసుకోవాలన్న దానికి పాత పాఠం ఒకటి ఉంది. సహకరించాలా, మోసగించాలా అని ప్రోగ్రాములు మళ్లీ మళ్లీ ఎంచుకునే కంప్యూటరు పోటీలను రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1980 ప్రాంతంలో నడిపారు. వాటిలో, మొదట సహకరించి ఆ తర్వాత ఎదుటివారు చేసినదే చేసే అనటోల్ రాపపోర్ట్ ప్రోగ్రాము, మొదటిసారి 14 ఎంట్రీల మీద, రెండోసారి 62 ఎంట్రీల మీద గెలిచింది. అయితే మధ్యలో ఒక సందేశం పొరపాటుగా అందితే, అలాంటి రెండు ప్రోగ్రాములు ఒకదాని తప్పుకు ఇంకొకటి బదులు తీర్చుకుంటూ ఆగకుండా కొట్టుకుంటాయి. అపార్థాలకు చోటున్న లోకంలో అప్పుడప్పుడు క్షమించే పద్ధతే మెరుగని 1992లో మార్టిన్ నోవాక్, కార్ల్ సిగ్ముండ్ చూపించారు. సంభాషణ అంటేనే అపార్థాలకు చోటున్న లోకం. "40 పెట్టెలు" అన్నప్పుడు తడిసినవి కలిపా, తీసేసా అన్నది అడిగినవారు చెప్పలేదు, చెప్పినవారు అడగలేదు. ఆ తప్పులో సగం మా ఏజెంటుది కూడా.

మీ పత్రిక ఇలాంటి ఏజెంట్ల గురించి రాసేటప్పుడు, తయారీదారులను ఒక ప్రశ్న అడగమని మనవి చేస్తున్నాను: మీ ఏజెంటుతో మాట్లాడే ఏజెంటు తన తప్పును తానే ముందుగా చెబితే మీ లెక్కలో దాని స్కోరు ఏమవుతుంది? జవాబు చెప్పగలిగితే వారు మాటల గురించి ఆలోచించినట్టు. చెప్పలేకపోతే, మేము చేసిన పొరపాటునే వారూ చేస్తూ ఉండవచ్చు.

మేము ఆ లెక్కను మార్చుకున్నాం. నిజాయితీకి, సామర్థ్యానికి ఖాతాలు విడదీసి, సామర్థ్యాన్ని విషయాలవారీగా రాసి, అదే పాత సంభాషణను "34 మాత్రమే" అన్న మాట నుంచి మళ్లీ నడిపించాను. నిజాయితీ ఖాతా 0.90 దగ్గరే ఉంది. నిల్వల లెక్కకు సంబంధించిన సామర్థ్యపు ఖాతా మాత్రం పడింది. ఈసారి కొనే ఏజెంటు మాటలు తెంచుకోలేదు. "ఇంతకుముందు చెప్పిన మిగతా సరుకుల లెక్కల్లో కూడా తడిసినవి కలిసి ఉన్నాయా?" అని అడిగింది. గోదాము ఏజెంటు చూసి, ఇంకో రెండు అంకెలు దిద్ది చెప్పింది.

ఇట్లు,
మీ పాఠకురాలు